మన తర్వాత వాళ్లు ఎక్కడ ఉండాలి? సొంతిల్లు, తోబుట్టువుల ఇల్లు, హోమ్, నలుగురి ఇల్లు

నాన్న పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ఒక పెద్దాయన అమ్మను అడిగారు, "నీ తర్వాత వీడి సంగతేంటమ్మా?" అని. అప్పుడు మా తమ్ముడు ఆయన విస్తరి పక్కనే నిలబడి స్టీలు గ్లాసులో నీళ్లు పోస్తున్నాడు. అంచు దాకా పోసి, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు పెట్టాడు. అడిగింది వాడి గురించే. వాడిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

వాడికి ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. మేధోవైకల్యం, దానికి తోడు చిన్నప్పటి నుంచి ఫిట్స్. స్నానం తనే చేస్తాడు, గడ్డం మనం గీయాలి. లెక్కలు రావు, అయినా ఏ నోటు ఎంతదో రంగు చూసి చెబుతాడు. నాన్న పోయాక నాలుగేళ్లలో అమ్మా నేనూ హైదరాబాద్ చుట్టుపక్కల, విజయవాడ, గుంటూరు వైపు కలిపి, అమ్మ తర్వాత వాడు ఉండగలిగే చోటు కోసం పదకొండు చోట్లు చూశాం. ఇదే వెతుకులాటలో ఉన్న అమ్మానాన్నలకీ, అక్కాచెల్లెళ్లకీ, అన్నదమ్ములకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

సపోర్టెడ్ లివింగ్ అనే మాట ఈమధ్య, ఇలాంటివాళ్లను ఉంచుకుని చూసుకునే చాలా హోమ్‌ల బ్రోషర్లలో కనిపిస్తోంది. దాని అసలు అర్థం ఏమిటంటే, మనిషి తన ఇంట్లో తానుంటాడు, తనకు చేతకాని పనులకు మాత్రం సాయం వస్తుంది. ఇల్లు ఒకరిది, సాయం ఇంకొకరిది. సాయం చేసేవాళ్లు కుదరకపోతే వాళ్లను మార్చుకోవచ్చు, ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే బ్రోషర్లు చదవడం తేలికవుతుంది. ఇప్పుడు ఏ ఏర్పాటు చూసినా నేను మూడే అడుగుతాను. ఇల్లు ఎవరి చేతిలో ఉంది? చూసుకునే మనిషి ఎవరి మాట వింటాడు? డబ్బు ఎవరి దగ్గర ఉంది? మూడింటికీ ఒకే పేరు జవాబుగా వస్తే నాకు భయం. ఆ పేరు నాదైనా సరే.

ఇది నా ఒక్కదాని పట్టుదల కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఐదో సెక్షన్ వాళ్లకు సమాజంలో అందరితోపాటు బతికే హక్కు ఉందనీ, ఫలానా చోటే ఉండి తీరాలని వాళ్లను బలవంతపెట్టకూడదనీ చెబుతుంది. దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 19వ అధికరణం చెప్పేదీ ఇదే. ఆ ఒప్పందాన్ని మన దేశం 2007లోనే ఆమోదించింది.

చోటు కంటే ముందు వాడి రోజు

హోమ్‌లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టే ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని, వారం రోజులు మీ బాబు లేదా పాప రోజంతా ఏం చేస్తున్నారో టైముతో సహా రాయండి. ప్రతి పని పక్కన ఒక గుర్తు పెట్టండి: చెబితే చేస్తారా, పక్కన నిలబడాలా, మనమే చేత్తో చేయాలా? మేం రాసి చూస్తే మా వాడికి చేత్తో చేసే సాయం రోజుకు గంటన్నర మించలేదు. మాత్రలు, గడ్డం, గోళ్లు, కూరలో ముళ్లు తీయడం, అంతే. మిగతా అంతా "పక్కన ఒక మనిషి ఉంటే చాలు". ఇరవై నాలుగు గంటలూ అన్నీ తానే చేస్తున్నానని అమ్మ అనుకునేది. ఆ నోట్‌బుక్ చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అందులో ఇంకో పేజీ వాడి ఇష్టాలకి. పొద్దున్నే మేడ మీద పావురాలకు జొన్నలు వేయాలి. పెరుగన్నంలో ఆవకాయ కలపకూడదు, పక్కన పెట్టాలి. తలుపు వేసిన గదిలో పడుకోడు. ఈ పేజీ చూపించినప్పుడు హోమ్ వాళ్ల ముఖం గమనించండి. కొందరు చదివి ఎదురు ప్రశ్నలు వేస్తారు. కొందరు "ఇక్కడికొచ్చాక అన్నీ అలవాటైపోతాయి మేడమ్" అంటారు. ఆ మాట విన్న చోటికి మేం రెండోసారి వెళ్లలేదు.

ఏ స్థాయి సాయం కావాలో తేలనివాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది. పెద్దవాళ్లయిపోయారు కదా, ఇప్పుడెందుకని అనుకోవద్దు.

సొంతింట్లో, మనిషిని పెట్టుకుని

చాలామంది మొదట ఆలోచించేది ఇదే. వీధి తెలుసు, కిరాణా కొట్టాయనకు వాడు తెలుసు, మంచం మారదు. మూడు ప్రశ్నల్లో మొదటిదానికి ఇంత మంచి జవాబు ఇంకెక్కడా రాదు.

చిక్కంతా మనుషుల దగ్గర. వారానికి 168 గంటలు. ఒక మనిషి రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 48. పూర్తిగా కనిపెట్టుకుని ఉండాలంటే ముగ్గురున్నర మంది జీతాలు. రాత్రి పడుకునే మనిషితో సర్దుకున్నా ఇద్దరు తప్పరు. మేం ఒక ఏజెన్సీ ద్వారా ప్రయత్నిస్తే రెండు నెలల్లో ముగ్గురు మారారు. మూడో అబ్బాయి వచ్చేసరికి మా వాడు బాత్రూమ్ తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. ఫిట్స్ ఉన్న మనిషి గడియ పెట్టుకుంటే బయట నిలబడ్డవాళ్ల ప్రాణం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తర్వాత ఆ గడియ పీకించేశాం.

అమ్మ ఉన్నన్నాళ్లు కేర్‌టేకర్ మీద ఒక కన్ను ఉంటుంది. అమ్మ లేని ఇంట్లో అతను మాత్ర వేశాడో లేదో చూసేదెవరు? దీనికి జవాబు లేకుండా సొంతింటి ఏర్పాటు పూర్తి కానట్టే. వారంలో ఏ రోజైనా చెప్పకుండా వచ్చి చూసే మనిషి ఒకరు, నెలకోసారి మాత్రల లెక్క, జీతాల లెక్క చూసే ఇంకొకరు ఉండాలి. పగలు డే కేర్‌కో, వృత్తి శిక్షణ కేంద్రానికో వెళ్లడం కూడా ఇందులో భాగమే. లేకపోతే సొంతిల్లే టీవీ ఉన్న ఒంటరి గది అయిపోతుంది.

"అక్క ఉందిగా!"

ఇది నా గురించే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. తమ్ముడంటే నాకు ప్రాణం. మా ఆయన ఏనాడూ కాదనలేదు. అయినా ఆస్పత్రి మంచం పక్కన నాన్న చేతిలో చెయ్యి వేసి నేనిచ్చిన మాట ఒక ప్లాన్ కాదు. ఉద్యోగంలో ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, అత్తగారికి ఆపరేషన్ ఉంటుంది, నాకే బీపీ ఉంది. వాడికీ నాకూ మధ్య వయసు తేడా నాలుగేళ్లే, అంటే అమ్మ తర్వాత ఎవరన్న ప్రశ్న ఇరవై ఏళ్లకు నా గుమ్మంలోకి వస్తుంది. పైగా ఇల్లూ, చాకిరీ, డబ్బూ మూడూ నా చేతిలోనే ఉంటే, నేను అలసిపోయి తప్పు చేసినా అడిగేవాళ్లుండరు.

నా అభిప్రాయం ఇది. తోబుట్టువు రోజంతా చాకిరీ చేసే మనిషిగా కంటే, చూసుకునేవాళ్లను గమనించే మనిషిగా ఎక్కువ పనికొస్తారు. దగ్గర్లో ఉండి, వారానికి మూడుసార్లు వెళ్లి, సంతకాలు పెట్టి, అవసరమైతే గట్టిగా అడిగే మనిషి. వదిన మీదో, చెల్లెలి మీదో నోటిమాటతో భారం వేసి "మన వాళ్లేగా" అనుకునే తల్లిదండ్రులు ముందు వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. వాళ్లు కుదరదంటే కోపం తెచ్చుకోకూడదు. ఆ నిజం ఇప్పుడే తెలియడం మేలు.

అమెరికాలో స్థిరపడ్డ అన్ననో తమ్ముణ్నో నమ్ముకున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మేధోవైకల్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం చట్టం ద్వారా ఏర్పడిన కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ నిబంధనల ప్రకారం, వాళ్ల తరఫున చట్టబద్ధంగా సంతకాలు పెట్టే గార్డియన్‌గా నియమితులయ్యేవారు భారత పౌరులై ఉండాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు డబ్బు పంపగలరు, కుటుంబం పెట్టుకునే ట్రస్టుకు అండగా ఉండగలరు, గార్డియన్ మాత్రం ఇక్కడే వెతుక్కోవాలి.

పెద్ద హోమ్‌లు

రాత్రి డ్యూటీకి మనిషి, నర్సు, వంటవాళ్లు, వ్యాను ఉంటారు. ఒకరు మానేసినా పని ఆగదు. మంచం మీదే ఉన్నవాళ్లకీ, రోజుకు నాలుగైదుసార్లు ఎత్తి దించాల్సినవాళ్లకీ, ఇంట్లో అమ్మ నడుం పోయాక ఇదొక్కటే దారి కావచ్చు. హోమ్‌లో చేర్చినవాళ్లను పిల్లల్ని వదిలించుకున్నవాళ్లని అనడం అన్యాయం. మంచివి ఉన్నాయి, మేమే రెండు చూశాం.

చూడ్డానికి వెళ్తే ఆదివారం పదకొండింటికి వెళ్లొద్దు. మామూలు రోజు సాయంత్రం ఆరున్నరకు వెళ్లండి. ఒక చోట ఆ టైముకు రాత్రి భోజనాలు అయిపోయి, ముప్పై ఏళ్ల మనుషులు లైట్లు తీసేసిన హాల్లో పడుకుని ఉన్నారు. స్టాఫ్ ఏడింటికి వెళ్లిపోతారు కాబట్టి వాళ్ల రోజు కూడా ఏడింటికే ముగుస్తుంది. బీరువా తెరిపించండి. బట్టలు ఎవరివి వారికి విడిగా ఉన్నాయా, కుప్పగా ఉన్నాయా? టూత్‌బ్రష్‌ల మీద పేర్లున్నాయా? "ఫిట్స్ వస్తే ఏం చేస్తారు?" అని మేనేజర్‌ను కాదు, వార్డెన్‌ను అడగండి. పక్కకు తిప్పి పడుకోబెడతాం, నోట్లో ఏమీ పెట్టం, టైము చూస్తాం, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేస్తాం అన్న జవాబు రావాలి. మాకు ఒక చోట వచ్చిన జవాబు, "చేతిలో తాళాలు పెడతాం అమ్మా."

ఒక హోమ్‌లో పది రోజుల ట్రయల్‌కు ఉంచాం. తీసుకురావడానికి వెళ్తే వేరేవాళ్ల చొక్కా వేసుకుని ఉన్నాడు, అది పెద్ద విషయం కాదు. కారులో నిద్ర, ఇంటికొచ్చాక రెండు రోజులు నిద్ర. అడగ్గా అడగ్గా తేలింది, రాత్రిళ్లు తలుపు తీయమని గొడవ చేస్తున్నాడని నిద్రమాత్ర ఇచ్చారట. మా డాక్టర్ చీటీలో లేని మాత్ర. వాడు అడిగింది తలుపు తెరిచి ఉంచమని మాత్రమే, అది నోట్‌బుక్‌లో రాసే ఉంది. అందుకే చెబుతున్నాను, ట్రయల్ పెట్టకుండా ఎక్కడా డిపాజిట్ కట్టొద్దు.

"లైఫ్‌టైమ్ డిపాజిట్" అంటే ఎవరి లైఫ్‌టైమ్? మన పిల్లవాడు ఇంకో ముప్పై ఏళ్లు ఉంటాడు, స్థాపకులకు ఇప్పటికే డెబ్బై ఏళ్లు. సంస్థ మూతపడితే, మనమే తీసుకొచ్చేస్తే, డిపాజిట్‌లో ఎంత తిరిగి వస్తుందో కాగితం మీద ఉండాలి. నెల ఫీజు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది. ఈరోజు 20,000 కట్టగలమా అన్నది సగం లెక్కే, 2040లో 40,000 పైన ఎవరు కడతారన్నది మిగతా సగం.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. 2016 చట్టం ప్రకారం అది లేకుండా దివ్యాంగుల సంస్థ నడపకూడదు. మొహమాటపడొద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు పాకకు నిప్పంటుకుని బయటికి రాలేక చనిపోయారు. వాళ్లను కూడా ఇంటివాళ్లు నమ్మకంతోనే అక్కడ ఉంచారు. కాబట్టి రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో, మంటలొస్తే ఏ తలుపు తెరుచుకుంటుందో కళ్లతో చూడండి.

ఆడపిల్లల తల్లులకు ఇంకో మాట. "ముందు గర్భసంచి తీయించి తీసుకురండి" అనే హోమ్ గుమ్మం మళ్లీ తొక్కొద్దు. ఆ మనిషి తెలిసి, ఇష్టపడి ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని 2016 చట్టం పదో సెక్షన్ చెబుతోంది. ఆ ఆపరేషన్ నెలసరిని ఆపుతుంది, అఘాయిత్యాన్ని ఆపదు. పైగా జరిగింది బయటపడకుండా చేస్తుంది. రాత్రి డ్యూటీలో ఆడవాళ్లే ఉన్నారా, మగ స్టాఫ్ ఆ అంతస్తులోకి ఎప్పుడు వస్తారు, ఇవి సూటిగా అడగండి.

నలుగురి ఇల్లు

మామూలు వీధిలో మామూలు ఇల్లు. నలుగురైదుగురు కలిసి ఉంటారు, సాయానికి ఏ టైములోనైనా ఒకరిద్దరు. పొద్దున్న ఎవరి పనికి వాళ్లు వెళ్తారు, సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని కలిసి వండుకుంటారు. నేషనల్ ట్రస్ట్ వారి ఘరౌందా పథకం కూడా పెద్దవాళ్లయిన దివ్యాంగుల గ్రూప్ హోమ్‌ల కోసం పెట్టిందే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. మానసిక అనారోగ్యం విషయంలో చెన్నైలోని బాన్యన్ సంస్థ 2015 నుంచి "హోమ్ అగైన్" పేరుతో, ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురిగా అద్దె ఇళ్లలో ఉంచుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మంచి నమూనాల్లో ఒకటిగా దాన్ని చూపించింది. జీవితమంతా వార్డులోనే గడుస్తుందని అందరూ అనుకున్నవాళ్లు వీధిలో పాలు కొనుక్కుంటున్నారు.

నా మనసు దీని మీదే ఉంది. లెక్క కూడా కుదురుతుంది, ముగ్గురు మనుషుల జీతం నాలుగు కుటుంబాలు పంచుకుంటాయి. కష్టాలూ గట్టివే. ఇంటి ఓనర్లు అద్దెకివ్వరు. పక్కింటివాళ్లు మొదట్లో ముఖం తిప్పుకుంటారు. నలుగురిలో ఒక కుటుంబం తప్పుకుంటే ఖర్చు మిగతా ముగ్గురి మీద పడుతుంది, కాబట్టి ఆరు నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి. ఒకరి అరుపు ఇంకొకరికి పడకపోవచ్చు. వయసులు కలిశాయా అన్నది తల్లిదండ్రులు చూస్తారు, గుణాలు కలిశాయా అన్నది కలిపి ఉంచితేనే తెలుస్తుంది.

తల్లిదండ్రులు కలిసి ఊరి చివర స్థలం కొని, అందరూ అక్కడే ఇళ్లు కట్టుకునే ఆలోచన కూడా ఉంది. అమ్మానాన్నలకు తోడు దొరుకుతుంది. పిల్లలకు మాత్రం వైకల్యం ఉన్నవాళ్లే తప్ప వేరే మనిషి కనిపించని ఊరు అవుతుందేమోనని నా అనుమానం. ప్రభుత్వ హోమ్‌లు ఎవరూ లేనివాళ్లకు. కుటుంబం ఉన్నవాళ్లు వాటిని లెక్కలో వేసుకోకపోవడమే మంచిది.

ఇంతకీ ఎవరికి ఏది? సాయం తక్కువ, ఊళ్లో పరిచయాలు ఎక్కువ, ఇల్లు సొంతం అయితే సొంతిల్లే సరి. మనుషులంటే ఇష్టపడేవాళ్లు, పగలు ఏదో ఒక పనికి వెళ్లేవాళ్లయితే నలుగురి ఇల్లు. రాత్రీ పగలూ నర్సు అవసరమైతే మంచి హోమ్, అది కూడా మనం గంటలో చేరుకునేంత దూరంలో. ఎంత మంచి హోమ్ అయినా చూడ్డానికి ఎవరూ రాని మనిషిని అక్కడ తక్కువ చూస్తారు.

కాగితాలు, డబ్బు

పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో అమ్మానాన్నలు వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, పైన చెప్పిన నాలుగు వైకల్యాలకు జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవల్ కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. గార్డియన్ ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. ఆడపిల్లకు ఒంటరి మగవాణ్ని గార్డియన్‌గా వేయరు. సంతకం అవసరమైన పనులకే గార్డియన్. ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరితో ఉండాలో వాళ్లే చెప్పగలిగితే అది వాళ్ల మాటే.

వైకల్య సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ లేనివాళ్లు ముందు అవి తీసుకోండి. దివ్యాంగుల పింఛను తెలంగాణలో 2023లో నెలకు 4,016 రూపాయలు అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు అక్కడ 15,000. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. తండ్రో తల్లో ప్రభుత్వ ఉద్యోగి అయితే, సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పింఛను వస్తుంది. పెద్దవాళ్లు ఉండగానే ఆ పేరు రికార్డులోకి ఎక్కించండి. మా నాన్న ఎక్కించకుండానే పోయారు. అమ్మ మోకాళ్ల నొప్పులతో పద్నాలుగుసార్లు తిరిగింది.

ఆస్తి నేరుగా వాడి పేరున రాస్తే ఎవరైనా వేలిముద్ర వేయించుకోవచ్చు. నా పేరున రాస్తే నా తర్వాత నా పిల్లలకు పోతుంది. మేం ఆస్తిని వాడి కోసం ట్రస్టీలు చూసుకునే ప్రైవేట్ ట్రస్టు దారి ఎంచుకున్నాం. ముగ్గురు ట్రస్టీలు, వాళ్లలో ఒకరు బంధువు కాని మనిషి. ఇల్లు నడిపేవాళ్లు ట్రస్టీలుగా ఉండకూడదని డీడ్‌లోనే రాయించాం.

మేం ఇప్పుడు ఎక్కడున్నామంటే, మాలాంటి ఇంకో మూడు కుటుంబాలతో కలిసి మా ఇంటికి రెండు వీధుల అవతల కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. మా వాడు గురువారం సాయంత్రం వెళ్లి ఆదివారం వస్తాడు. మొదటి నెల ఒక్క రాత్రే ఉండేవాడు. అమ్మ ఉండగానే, అలవాటు కోసం. నాలుగు మంచాల్లో ఏది కావాలని అడిగితే, మేమంతా కిటికీ పక్కది అంటాడనుకున్నాం. వాడు తలుపు పక్కది చూపించాడు. దాని మీద వాడి దుప్పటి పరిచాం, ఆ గది తలుపు రాత్రిళ్లు తెరిచే ఉంటుంది. పోయిన గురువారం నేను ఇంకా అక్కడే తచ్చాడుతుంటే గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చి, "తాగి వెళ్లక్కా, మేం వంట చేసుకోవాలి" అన్నాడు.